పునుగు బిళ్ళలూ, సగం వంతెనా

ఇందులో ఒక్క అక్షరం కూడా కల్పన కాదు. ఎవరి మీద ఒట్టు వేయమంటే వాళ్ళ మీద వేస్తాను. ఒక్క ముక్క అబద్ధమని తేలినా సరే, రేపటి నుంచి నేను ఆవకాయ ముట్టను. ఇంతకంటే పెద్ద ఒట్టు భూమ్మీద ఎవరూ వేసి ఉండరు.

చిట్టేలకోన అని ఒక అడవి. ఎంత దట్టమైన అడవి అంటే, మిట్టమధ్యాహ్నం సూర్యుడు కూడా లోపలికి రావాలంటే దారి అడుక్కుంటూ రావాలి. అందులో లేళ్ళు, కుందేళ్ళు, ముళ్ళపందులు, ఎలుగుబంట్లు, కొండముచ్చులు, పందికొక్కులు ఉండేవి. పిట్టలైతే ఆకులకంటే ఎక్కువ.

ఆ అడవిని ఆనుకుని పెద్దేరు పారేది. వానాకాలంలో దాని వెడల్పు ఏమని చెప్పను! ఇటు గట్టున ఎగిరిన కాకిపిల్ల అటు గట్టున వాలేసరికి దానికి మనవలు పుట్టేవాళ్ళు. ఎండాకాలంలో ఏరు కాస్త తగ్గేది కానీ ఎండేది కాదు. నీళ్ళ నిండా మొసళ్ళు. ఒక్కో మొసలి ఆవలిస్తే ఆ నోట్లో ఎద్దులబండి తిప్పుకోవచ్చు.

ఇటు గట్టు పల్లం. వానలు ముదిరితే మునిగిపోతుంది. గట్టు వెనక అంతా రాతినేల. అక్కడ గోరు దిగదు, బొరియ పడదు. అటు గట్టు మాత్రం మెరక. మెత్తటి మట్టి, ఏడాది పొడుగునా గింజలు, పళ్ళు. అటు వెళ్ళడం ఎలా? రెక్కలున్నవాళ్ళు వెళ్ళేవాళ్ళు. లేనివాళ్ళు చూస్తూ కూర్చునేవాళ్ళు.

అలా చూస్తూ కూర్చునేవాళ్ళలో గాదెమ్మ అనే పందికొక్కు ఒకటి. ఆమెకు బోలెడంత మంది పిల్లలు. ఒకసారి పేర్లన్నీ పిలిచేసరికి పొద్దు వాలిపోయేది. గట్టు మీద ఆమె బొరియలో పై గదినిండా గింజలు, కింది గదినిండా పిల్లలు. కొర్రలు, వెదురు బియ్యం, గడ్డి గింజలు నోట్లో కుక్కుకుని తెచ్చి దాచేది. వానలు పడినన్నాళ్ళూ ఆ గింజలే అందరికీ తిండి.

పోయిన ఏడు వరద కింది గదిలోకి వచ్చింది. సగం గింజలు పట్టుకుపోయింది. అందరికంటే చిన్న పిల్లను కూడా పట్టుకుపోయింది.

ఆ సంగతి గాదెమ్మ ఎవరితోనూ అనదు. కానీ ఆకాశంలో మబ్బు కనిపిస్తే చాలు, పిల్లల్ని ఒక్కొక్కరినీ ముక్కుతో తాకి చూసుకుంటుంది.

ఎండలు మండిపోతున్న రోజుల్లో, ఒక సాయంత్రం, చిట్టేలకోనకు ఒక పునుగుపిల్లి వచ్చాడు. పేరు పరిమళయ్య. ముందు వాసన వచ్చింది, తర్వాత ఆయన వచ్చాడు. ఆ వాసనకు తేనెటీగలు పూలు వదిలేసి ఆయన చుట్టూ తిరిగాయట. మొసళ్ళు నీళ్ళలోంచి తలలెత్తి తుమ్మాయట.

పరిమళయ్య ఎత్తయిన బండ ఎక్కి గొంతు సవరించుకున్నాడు.

"అయ్యలారా, అమ్మలారా! తొలకరి నాటికి పెద్దేటి మీద తీగల వంతెన కట్టిస్తున్నాను. ఇక మీకు వరద భయం లేదు. అటు గట్టు పళ్ళన్నీ మీవే!"

అందరూ నోళ్ళు తెరిచారు.

"వంతెన అల్లే కొండముచ్చులకు తిండి పెట్టాలి కదా? అందుకని మీ దగ్గర గింజలు, పళ్ళు, తేనె తీసుకుంటాను. ఊరికే తీసుకోను. ఇదిగో, ఈ బిళ్ళ ఇస్తాను."

ఆయన చేతిలో ఒక గుండ్రటి బెరడు ముక్క ఉంది. దాన్ని తన ఒంటికి రాసి పైకెత్తాడు. ఘుమ్మని వాసన కొట్టింది.

"ఇది పునుగు బిళ్ళ. ఈ వాసన నా ఒంటికి తప్ప ఇంకెవరి ఒంటికీ లేదు. కాబట్టి దొంగ బిళ్ళ చేయడం ఎవరి తరమూ కాదు. వంతెన కట్టాక ఒక బిళ్ళ ఇచ్చినవాళ్ళు ఒకసారి దాటొచ్చు. ఇవాళ పిడికెడు గింజలకు ఒక బిళ్ళ. రేపు రెండు పిడికెళ్ళు. వంతెన నిలబడ్డాక బుట్టెడు గింజలు పోసినా దొరకదు. తర్వాత నన్ను తిట్టుకుని లాభం లేదు!"

బండ మీద ఎర్రమట్టితో వంతెన బొమ్మ కూడా గీశాడు. అబ్బో, ఏం బొమ్మ అది! రెండు వైపులా పూల పందిళ్ళు. అలసినవాళ్ళు కూర్చోవడానికి అరుగులు. నడుమ ఒక చలివేంద్రం. కింద ఏరంతా నీళ్ళే పారుతుంటే పైన చలివేంద్రం ఎందుకని ఒక్కరికీ తోచలేదు.

ఆ రోజు నుంచి అడవికి పూనకం పట్టింది. లేళ్ళు మేత మానేసి బిళ్ళలు వాసన చూసుకుంటూ తిరిగాయి. ముళ్ళపంది తన బిళ్ళలన్నీ ముళ్ళకు గుచ్చుకుని ఊరేగింది. పొద్దున పిడికెడు గింజలకు కొన్న బిళ్ళను సాయంత్రం రెండు పిడికెళ్ళకు ఇంకొకరికి ఇచ్చినవాళ్ళున్నారు. మళ్ళీ మర్నాడు అదే బిళ్ళను నాలుగు పిడికెళ్ళు పోసి వెనక్కి కొన్నదీ వాళ్ళే.

అందరికంటే ఎక్కువ బిళ్ళలు కొన్నది ఎలుగుబంటి బొంతయ్య. ముందు ఎండబెట్టిన ఇప్పపూలు ఇచ్చాడు. తర్వాత దాచుకున్న తేనె ఇచ్చాడు. చివరికి కొండచరియ మీది తేనెపట్టులన్నీ పీకి ఇచ్చాడు. ఆయన బిళ్ళల కుప్ప మీద పడుకునేవాడు. ఆ కుప్ప ఎంత ఎత్తంటే, పడుకున్నప్పుడు ఆయన కాళ్ళు చెట్ల కొమ్మలకు తగిలేవి.

ఒకరోజు గాదెమ్మ నోటినిండా గింజలతో ఇంటికి పోతుంటే బొంతయ్య పిలిచాడు.

"ఏం వదినా, ఇంకా గింజలేనా? మూతి అరిగిపోతుందేమో చూసుకో!"

గాదెమ్మ గింజలు పక్కన ఉమ్మేసి, "నువ్వేం తింటున్నావు బొంతయ్యా?" అంది.

"నేనా? ఇవాళ ఏమీ తినలేదు. నిన్న కూడా లేదనుకో. అయినా నాకు ఆకలేమిటి? ఈ కుప్ప చూశావా? నిన్నటికీ ఇవాళ్టికీ నా ఆస్తి రెట్టింపయింది."

"కుప్ప అంతే ఉన్నట్టుందే?"

"అదే నీకు తెలియనిది! కుప్ప అంతే, విలువ రెట్టింపు. నీ గింజలు నిన్న గింజలే, ఇవాళా గింజలే. ఛీ, ఏం బతుకు వదినా అది!"

గాదెమ్మ నవ్వి, గింజలు మళ్ళీ నోట్లో కుక్కుకుని వెళ్ళిపోయింది. కానీ ఇంటికి వెళ్ళాక ఆ మాట చెవిలో జోరీగలా తిరిగింది.

ఆమెకు ఆస్తి అక్కర్లేదు. అటు గట్టు మట్టి కావాలి. పిల్లలతో ఈ గట్టు మీద ఇంకో వానాకాలం గడపడమంటే ఆమెకు గుండె దడ. వంతెన నిజంగా వస్తే? అందరికీ బిళ్ళలుండి తనకు ఒక్కటీ లేకపోతే? అందరూ దాటిపోతుంటే తను పిల్లల్ని వెంటబెట్టుకుని ఇక్కడే నిలబడిపోతే?

ఇంకో వైపు నుంచి ఇంకో ఆలోచన వచ్చేది. ఉన్న గింజలన్నీ పోశాక వంతెన రాకపోతే? వరద తినగా మిగిలిన పిల్లల్ని ఆకలి తినదా?

అటు ఇటు, అటు ఇటు. ఆలోచించీ ఆలోచించీ ఆమె మీసాలు ముడిపడిపోయాయి. చివరికి తన స్నేహితురాలు పీచమ్మ దగ్గరికి బయలుదేరింది. పీచమ్మ గిజిగాడు పిట్ట. ఏటి మీదికి వంగిన తుమ్మచెట్టు మీద ఉంటుంది.

ఆ చెట్టు మీద సందడే సందడి. గిజిగాళ్ళలో ఒక ఆచారం ఉంది. మగపిట్ట గూడు సగం అల్లి ఆపేస్తాడు. బోర్లించిన బుట్టలా అది కొమ్మకు వేలాడుతూ ఉంటుంది. దాని మీద కూర్చుని రెక్కలు కొడుతూ పాట పాడతాడు. ఆడపిట్ట వచ్చి ఆ సగం గూడును పరీక్ష చేస్తుంది. నచ్చితేనే సంసారం. నచ్చకపోతే ఎంత పాడినా ఎగిరిపోతుంది.

గాదెమ్మ వెళ్ళేసరికి పీచమ్మ ఒక సగం గూటికి తలకిందులుగా వేలాడుతోంది. ముక్కుతో ఒక పీచు పట్టుకుని బలంగా లాగింది. వదిలింది. ఇంకోటి లాగింది. పాపం ఆ మగపిట్ట ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

పక్క కొమ్మ మీద ఇంకో మగపిట్ట ఉన్నాడు. వాడి కింద గూడు లేదు, గడ్డిపోచ కూడా లేదు. కానీ పాట మాత్రం అమృతం! ఆ పాటకు ఏట్లో చేపలు గట్టెక్కి తాళం వేశాయంటే మీరు నమ్మాలి మరి.

"పీచమ్మా, వీడు ఎంత బాగా పాడుతున్నాడే!" అంది గాదెమ్మ.

"అవునక్కా, చాలా బాగా పాడతాడు. పాటలో గుడ్లు పెట్టలేను కదా?" అంది పీచమ్మ, తల తిప్పకుండానే.

తర్వాత కిందికి వచ్చి గాదెమ్మ పక్కన వాలింది. గాదెమ్మ తన గోడంతా చెప్పుకుంది.

"ఇప్పుడు నన్ను ఏం చేయమంటావు చెల్లీ? బిళ్ళలు కొననా, మాననా?"

"నాకేం తెలుసక్కా! నాకు రెక్కలున్నాయి, వంతెనల గొడవ నాకెందుకు పట్టింది? నాకు తెలిసింది గూడు ఒక్కటే. పూర్తయిన గూడు కావాలని కూర్చుంటే నాకు గూడే దొరకదు. మంచి గూళ్ళన్నీ సగంలో ఉండగానే మిగతావాళ్ళు ఎగరేసుకుపోతారు. అందుకని సగంలోనే ఒప్పుకుంటాను. సగమంటూ ఉండాలి మరి. లాగితే తెలియాలి."

"లాగి చూశాక కూడా తప్పు కావచ్చుగా?"

"ఎందుకు కాదు? పోయిన ఏడు నేను మెచ్చిన గూడు గాలికి ఊడిపోయింది. నాకు కొన్ని రోజులు పోయాయి. గుడ్లు పోలేదు. గూటికి చివరి గొట్టం అల్లేదాకా నేను గుడ్డు పెట్టను. తిట్టుకుంటూ ఇంకో గూడు వెతుక్కున్నాను."

గాదెమ్మ తోక దులుపుకుని లేచింది.

ఇంటికి వచ్చి ఆమె ఒక పని చేసింది. గింజలన్నీ రెండు కుప్పలు చేసింది. వానలు వెలిసేదాకా పిల్లలు తినాల్సింది పెద్ద కుప్ప. దానికి పిల్లల కుప్ప అని పేరు పెట్టింది. మిగిలింది చిన్న కుప్ప. అది పోతే కడుపు మండుతుంది కానీ, ఎవరి కడుపూ మాడదు. దానికి ఆశ కుప్ప అని పేరు పెట్టింది. పిల్లల కుప్ప ముందు తన ఒళ్ళు అడ్డంగా పెట్టి పడుకుంది.

మర్నాడు ఆశ కుప్పలోంచి నోటికి పట్టినన్ని గింజలు పెట్టుకుని పరిమళయ్య బండ దగ్గరికి వెళ్ళింది. అక్కడ జనం కిటకిట. ఆ గుంపులో ఒక చీమ మూర్ఛపోతే పడిపోవడానికి చోటు దొరక్క నిలబడే ఉందట.

"రావమ్మా, రా! నీ కోసమే బిళ్ళలు దాచి ఉంచాను. పిల్లల తల్లివి. నీకు మాత్రం పాత లెక్కకే ఇస్తాను" అన్నాడు పరిమళయ్య. ఆ వాసనకు గాదెమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. నోట్లో గింజలు వాటంతటవే బయటికి జారబోయాయి.

ఆమె వాటిని బుగ్గలోకి తోసుకుని, "అయ్యా, అల్లిన తీగ ఒక్కటి చూపిస్తారా? లాగి చూస్తాను" అంది.

"తీగా? ముందే అల్లితే ఎండిపోదూ? అన్నీ ఒకేసారి అల్లుతారు."

"ఎవరు అల్లుతారండీ?"

"అటు గట్టున గొప్ప గొప్ప కొండముచ్చులున్నారు. పని అటు నుంచి మొదలైంది. మంచు అడ్డం వచ్చి నీకు కనపడదు."

"ఈ ఎండల్లో మంచా?"

గుంపు గొల్లుమంది. కానీ అందరూ నవ్వింది గాదెమ్మను చూసి. "లాగి చూస్తుందట! వంతెన ఏమైనా పిల్లి తోకనుకున్నావా వదినా?" అని బొంతయ్య పొట్ట పట్టుకున్నాడు. ఆ పొట్ట అప్పటికే సగమైంది.

గాదెమ్మ సిగ్గుతో తల దించుకుని, ఆ గింజలు అలాగే ఇంటికి మోసుకొచ్చింది.

మర్నాడు బిళ్ళ విలువ ఇంకా పెరిగింది. ఆ పై రోజు ఇంకా పెరిగింది. గాదెమ్మ పెద్దకూతురు మూతి ముడుచుకుంది.

"అమ్మా, ముళ్ళపంది పిల్లలు నన్ను వెక్కిరిస్తున్నారు. అందరూ దాటిపోతారట. మనం మాత్రం మునుగుతామట."

గాదెమ్మ ఆశ కుప్ప వంక చూసింది. తను తప్పు చేసిందేమో! ఆ రోజు కొని ఉంటే ఈ పాటికి ఆశ కుప్ప ఎంత పెరిగేదో! ఆ ఆలోచన ఆమెను లోపలినుంచి కొరికింది. అది ఎలుక జాతి కొరుకుడు. మామూలుగా ఉండదు.

అప్పుడు పీచమ్మ ఎగురుకుంటూ వచ్చింది.

"అక్కా, ఏటి పైన ఇరుకు దగ్గర సింగన్న అనే కొండముచ్చు ఏదో అల్లుతున్నాడు. పీచు ఏరుకోవడానికి వెళ్ళి చూశాను. మంచివాడని నేను చెప్పను. ఒట్టి కోపిష్టి. పోయిన ఏడు వాడు అల్లింది తెగిపోయింది. కానీ అక్కడ లాగడానికి ఏదో ఒకటి ఉంది."

ఇరుకు దగ్గర ఏరు సన్నగా, ఉరవడిగా పారుతుంది. నడుమ ఒక రాయి ఉంది. సింగన్న ఆ రాయి మీదికి దూకుతూ, తిరిగి దూకుతూ, తీగకు కొలతలు చూసుకుంటున్నాడు. పూల పందిళ్ళు లేవు. వాసన ఉంది కానీ అది సింగన్న స్నానం చేయని వాసన. రాయి దాకా కూడా రాని మూడు పాయల తీగ ఒకటి గట్టు మద్ది చెట్టుకు వేలాడుతోంది.

"ఏం కావాలి?" అన్నాడు సింగన్న.

"వంతెనా ఇది?"

"కాదు, నా తలకు జడ! కనపడటం లేదూ? అటు గట్టు చేరితే వంతెన. చేరకపోతే తీగ. తిండి పెట్టేవాళ్ళు లేక రోజూ సగం పొద్దు కాయలు వెతుక్కోవడానికే పోతోంది. పెట్టేదుంటే పెట్టు, లేకపోతే దారికి అడ్డం లే!"

"ఇంతకు ముందు తెగిందట కదా?"

"రెండుసార్లు తెగింది. ఒకసారి నాతో సహా తెగింది. ఇదిగో, తోక చూడు" అని సగం ఊడిన తోక చూపించాడు.

గాదెమ్మ ఆ తీగ దగ్గరికి వెళ్ళింది. పళ్ళతో పట్టుకుని, నాలుగు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి, బలమంతా తీసి లాగింది. రెండు పాయలు ఆగాయి. ఒక పాయ టప్పున తెగింది. గాదెమ్మ వెనక్కి పల్టీలు కొడుతూ వెళ్ళి బురదలో కూలబడింది.

"తెంపేశావే! ఎలుకల దానా!" అని సింగన్న ఆకాశం అదిరేలా అరిచాడు.

"నేను లాగితేనే తెగింది. నా పిల్లలందరూ ఒకేసారి ఎక్కితే తెగదా?"

సింగన్న తీగ దగ్గరికి వచ్చాడు. తెగిన పాయ చేతిలోకి తీసుకుని చూశాడు. అది లేత తీగ. గొణుక్కుంటూ దాన్ని విసిరేసి, ముదురు తీగ ఒకటి తెచ్చి, రెండు మడతలు వేసి మెలిపెట్టాడు.

అది చూశాక గాదెమ్మ అంది:

"నా దగ్గర ఒక కుప్ప ఉంది. మూడు భాగాలు చేస్తాను. ఇవాళ ఒక భాగం. తీగ నడిమి రాయికి చేరినరోజు ఇంకో భాగం. అటు గట్టు చెట్టుకు ముడి పడ్డాక మూడోది."

"నా మీద నమ్మకం లేదా?"

"లేకపోతే మొదటి భాగం మాత్రం ఎందుకు తెస్తాను? నాకు బదులుగా ఏమిస్తావు?"

సింగన్న తల గోక్కున్నాడు. "బిళ్ళలూ గిళ్ళలూ నా దగ్గర లేవు. వంతెన నిలిస్తే నువ్వూ నీ సంతానమూ బతికినంత కాలం ఊరికే దాటండి. మిగతావాళ్ళు దాటిన ప్రతిసారీ నాకు ఏదో ఒకటి ఇవ్వాలి. చాలా?"

"చాలు."

"తెగిపోతే?"

గాదెమ్మ మీసాల బురద తుడుచుకుంది. "తెగిపోతే కూర్చుని ఏడుస్తాం. కానీ కడుపు నిండా తిని ఏడుస్తాం."

ఈ బేరం సంగతి విని అడవి అడవంతా నవ్వింది. "తోక తెగినవాడికి గింజలు పోసిందట!" అని బొంతయ్య నవ్వీ నవ్వీ కుప్ప మీంచి కింద పడ్డాడు. గాదెమ్మ మాత్రం రోజూ వెళ్ళి తీగ లాగి చూసేది. రోజూ సింగన్న తిట్టేవాడు. రోజూ తీగ కాస్త పొడుగయ్యేది. తీగ నడిమి రాయికి చేరినరోజు రెండో భాగం మోసుకెళ్ళి పోసింది.

ఇంతలో తొలకరి వచ్చింది.

వానంటే వానా అది? ఒక్కో చినుకు గుమ్మడికాయంత. ఆ వానకు బండ మీది ఎర్రమట్టి బొమ్మ కరిగి ఏట్లోకి పోయింది. పూల పందిళ్ళు పోయాయి, అరుగులు పోయాయి, చలివేంద్రం నీళ్ళలో కలిసింది. వంతెన తెరుస్తారని అందరూ బిళ్ళలు పట్టుకుని పరుగున వచ్చారు.

వాన వెలిసింది. ముళ్ళపంది తన బిళ్ళను ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇంకోటి పెట్టుకుంది. దాని ముఖం పాలిపోయింది.

"వాసన రావడం లేదు!"

లేళ్ళు వాసన చూశాయి. బొంతయ్య తన కుప్పంతా కలియబెట్టి వాసన చూశాడు. వానకు పునుగు కడుక్కుపోయింది. చేతిలో ఉన్నది తడిసిన బెరడు. అలాంటి బెరడు చిట్టేలకోనలో ప్రతి చెట్టు కిందా బుట్టలకొద్దీ పడి ఉంది. దొంగ బిళ్ళ చేయడం ఎవరి తరమూ కాదన్నది నిజమే. అసలు బిళ్ళ ఏదో చెప్పడం కూడా ఇప్పుడు ఎవరి తరమూ కాలేదు.

"పరిమళయ్యను పిలవండి! మళ్ళీ ఒంటికి రాసి ఇస్తాడు!" అని అందరూ ఆయన బస చేసిన గుహకు పరిగెత్తారు. గుహ ఖాళీ. తేనె కారిన చార ఒకటి గుహలోంచి కొండ అవతలికి పోయింది. ఆయన వాసన మాత్రం ఇంకా కొంచెం గాలిలో ఉంది. కాసేపటికి అదీ పోయింది.

గాదెమ్మకు నవ్వడానికి తీరిక లేదు. సింగన్న తీగ ఇంకా అటు గట్టు చేరలేదు. ఏరు పెరుగుతోంది. కింది గదిలోకి నీళ్ళు వచ్చాయి. ఆమె పిల్లల్ని పై గదిలోకి ఎక్కించి, పిల్లల కుప్పలోంచి గింజలు పెట్టింది. వాళ్ళు నమిలారు. ఆమె మాత్రం నీళ్ళ చప్పుడు వింటూ కూర్చుంది. ఆశ కుప్పలో రెండు భాగాలు ఇచ్చేసింది. వంతెన రాకపోతే ఆ రెండూ పోయినట్టే. అది ఆమెకు తెలుసు. తెలిసే ఇచ్చింది. తెలిసి ఇచ్చినా, పిల్లల్ని ఒక్కొక్కరినీ మళ్ళీ ముక్కుతో తాకి చూసుకుంది.

రెండో వానకు తీగలో ఒక పాయ తెగింది. తక్కిన పాయలు ఆపాయి. ముదురు తీగ, రెండు మడతల మెలి. సింగన్న వానను తిట్టాడు, ఏటిని తిట్టాడు, మొసళ్ళను పేరుపేరునా తిట్టాడు. తిడుతూనే నడిమి రాయి మీంచి అటు గట్టుకు దూకి, చెట్టుకు ముడి వేశాడు.

తిరిగి వచ్చి, తడిసిన ఒంటితో గాదెమ్మ బొరియ ముందు నిలబడ్డాడు.

"నా మూడో భాగం ఏదీ? అది నీ దగ్గర ఉండిపోయిందన్న బాధతో వచ్చాను కానీ, ఈ వానలో ఎవడు వచ్చేవాడు!"

గాదెమ్మ పరుగున వెళ్ళి ముందు తీగ లాగి చూసింది. తర్వాత గింజలు పోసింది.

ఆ వంతెన వంకరటింకర. ఊగితే కడుపులో తిప్పుతుంది. అయినా పిల్లలు ఒకరి తోక ఒకరు పట్టుకుని దాటారు. మిగిలినవాళ్ళలో అందరికంటే చిన్నదాన్ని గాదెమ్మ నోట కరుచుకుని దాటించింది. అటు గట్టు మెత్తటి మట్టి మీద దాన్ని దించినప్పుడు, ఆమె దవడ చాలాసేపు విడిపడలేదు.

కుందేళ్ళూ, ముళ్ళపందులూ తర్వాత వచ్చాయి. ఇవ్వడానికి వాళ్ళ దగ్గర బెరడు తప్ప ఏమీ లేదు. "బెరడు నాకెందుకు? తీగలు మెలిపెట్టండి. మెలిపెట్టినవాళ్ళే దాటండి" అన్నాడు సింగన్న. అలా పాయలు పెరిగి తీగ లావెక్కింది.

గాదెమ్మ పిల్లల కుప్పలో మిగిలిన గింజలు తీసుకెళ్ళడానికి చివరిసారి ఇటు గట్టుకు వచ్చింది. బొంతయ్య రాతినేల మీద తడుస్తూ కూర్చుని ఉన్నాడు. ఎంత చిక్కిపోయాడంటే, ఆయన ఒంటి బొచ్చు ఎవరో పెద్దవాళ్ళ దగ్గర అరువు తెచ్చి తొడుక్కున్నట్టుంది. చేతిలో ఒక్క బిళ్ళ ఉంది.

"వదినా, ఇది చూడు. ఇందులో ఇంకా కొంచెం వాసన ఉన్నట్టే ఉంది కదూ?"

గాదెమ్మ ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒకసారి కాదు, రెండుసార్లు చూసింది. ఆయన కళ్ళు చూసి అబద్ధం చెబుదామా అనుకుంది.

"తడిసిన బెరడు వాసన బొంతయ్యా" అంది మెల్లగా. "పారెయ్యి. నీ బరువుకు ఇంకో నాలుగు పాయలు కావాలట. చేతులు ఖాళీ చేసుకుని రా. మెలిపెడితే నువ్వూ దాటొచ్చు."

బొంతయ్య బిళ్ళ వంక చూశాడు. వంతెన వంక చూశాడు. లేచి నిలబడి, బిళ్ళను చంకలో దాచుకుని, ఆమె వెనకే కుంటుకుంటూ నడిచాడు. ఆ చంక బిగించుకుని ఒంటి చేత్తోనే తీగలు మెలిపెట్టడం మొదలుపెట్టాడు.

నీతి: ఇంకా పుట్టని వస్తువుకు ఎవరైనా ముందే బిళ్ళలు అమ్మితే, బిళ్ళ వాసన చూడకండి, సగం పనైనా జరిగిందేమో లాగి చూడండి, నచ్చితే ఆశ కుప్పలోంచే ఇవ్వండి, అదీ పని సాగిన కొద్దీ ఇవ్వండి, పిల్లల కుప్ప జోలికి మాత్రం పోకండి. సరే, కథ అయిపోయింది, నోళ్ళు మూసుకుని లేవండిక. డాబా మీద మినప వడియాలు ఆరేసి ఉన్నాయి, వాటిని కాకులు కొండంత రెక్కలేసుకుని చూస్తున్నాయి, ఎవరు ముందు ఎక్కితే వాళ్ళు చాపతో సహా కిందికి పట్టుకురండి.